పాత జోడు గొట్టాల తుపాకి: గొట్టం పొడవు సరిగ్గా కొలవడం ఎలా, అది అసలు పొడవో కోసిందో తేల్చుకోవడం ఎలా

"తాతగారి తుపాకి గొట్టం 29 అంగుళాలు వచ్చింది. 30 ఉండాలి కదా, ఎవరైనా కోసేశారా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొందరికి 27న్నర వస్తుంది, ఇంకొందరికి ఒకే తుపాకి మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. చాలాసార్లు తుపాకిలో తేడా ఏమీ ఉండదు, టేపు పెట్టిన చోటే తప్పు.

ఈ మార్గదర్శి కొలవడానికీ, కొలతను అర్థం చేసుకోవడానికీ మాత్రమే. పాత తుపాకిని పేల్చి చూడాలనుకునేవాళ్లు ముందు లైసెన్సు ఉన్న తుపాకి పనివాడికి చూపించాలి. అందులోనూ గొట్టం మీద నీటి అలల్లాంటి గీతలున్న డమాస్కస్ రకాన్ని కంటితో చూసి బాగుందని నమ్మకూడదు.

## 1. తుపాకి ముట్టుకునే ముందు

మొదట కాగితాలు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం పేలగలిగే తుపాకికి లైసెన్సు తప్పనిసరి. పాతదైనా, మూతి నుంచి మందు కూరేదైనా అంతే. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ మీ తుపాకి ఆ కోవలోకి వస్తుందో రాదో మీకు మీరే తీర్మానించుకోవద్దు.

లైసెన్సుదారు చనిపోయి తుపాకి ఇంట్లోనే ఉండిపోతే ముందు దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో దారి ఉంది. కొలతలు ఆ తర్వాతి మాట.

రెండోది భద్రత. ఎన్నేళ్లుగా గోడకు వేలాడుతున్నా తుపాకిలో తూటా ఉందనే అనుకుని మొదలుపెట్టండి.

- మూతి ఖాళీ గోడ వైపు ఉండాలి. ఇంట్లో పిల్లలు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ గదిలో ఉండకూడదు.
- లివర్ తిప్పి గొట్టాలను కీలు దగ్గర కిందికి వంచి తెరిచి (దీన్నే విరవడం అంటారు), రెండు ఛాంబర్లూ, అంటే తూటా కూర్చునే వెనక గదులు, కంటితో చూడండి. వేలు పెట్టి కూడా చూసుకోండి.
- టార్చి వేసి వెనక వైపు నుంచి మూతిదాకా చూడండి. వెలుతురు గుండ్రంగా, అడ్డు లేకుండా కనిపించాలి.
- తుప్పుపట్టి తెరుచుకోకపోతే సుత్తితో కొట్టకండి. అక్కడే ఆపేసి పనివాడిని సంప్రదించండి.
- హ్యామర్లు ఎత్తి ట్రిగ్గర్ నొక్కి చూడటం అసలు వద్దు. పాత స్ప్రింగులు, నిపుల్సు (హ్యామర్ వచ్చి కొట్టే చిన్న మొలకలు) విరుగుతాయి.

## 2. కావలసిన సామాను

బట్టల కొలతకు వాడే గుడ్డ టేపు సాగుతుంది, పనికిరాదు. మేస్త్రీలు వాడే చుట్ట టేపు కూడా నాకు ఇష్టం లేదు. దాని కొన దగ్గర కొక్కెం కొంచెం అటూ ఇటూ కదులుతుంది, పాతబడిన టేపులో ఆ కదలిక ఇంకా పెరుగుతుంది. అదొక్కటే ఉంటే 10 సెంటీమీటర్ల గుర్తు దగ్గర మొదలుపెట్టి, చివర్లో 10 తీసేయండి.

- ఒక మీటరు స్టీలు స్కేలు, ఒకవైపు అంగుళాలు ఇంకోవైపు సెంటీమీటర్లు ఉన్నది
- వడ్రంగి మూలమట్టం
- 12 మిల్లీమీటర్ల మందం ఉన్న నున్నటి గుండ్రటి చెక్క కర్ర, మీటరుకు పైగా పొడవు (ఇనుప కడ్డీ వద్దు, లోపల గీతలు పడతాయి)
- వెర్నియర్ కాలిపర్
- టార్చి, భూతద్దం, మెత్తని నూలు గుడ్డ
- కాగితపు టేపు, సన్నగా చెక్కిన పెన్సిలు
- పాత విజిటింగ్ కార్డు ఒకటి

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ గొట్టం వెడల్పవుతుంది. 12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 బోరుది సుమారు 15.6. కాబట్టి 12 మిల్లీమీటర్ల కర్ర రెంటిలోనూ సులువుగా దిగుతుంది.

## 3. విరిచే తుపాకిని కొలవడం

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే: పక్కపక్కన రెండు గొట్టాలు, మధ్యలో విరిచి తూటా పెట్టేది.

గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్కను (చేతి చెక్క) తీసి, గొట్టాలను తుపాకి ఒంటి నుంచి, అంటే ట్రిగ్గర్లుండే ఇనుప భాగం నుంచి విడదీయండి. రాకపోతే బలవంతం చేయకండి, ఐదో మెట్టులోని కర్ర పద్ధతి వాడండి.

గొట్టాలను మెత్తని దుప్పటి మీద, రిబ్బు (రెండు గొట్టాల మధ్య పొడవునా ఉండే ఇనుప పట్టీ) పైకి వచ్చేలా పెట్టండి. తూటా దూరే చివర, గొట్టాల వెనక అంచుకు మూలమట్టం ఆనించండి. స్కేలు సున్నా ఆ మూలమట్టానికి తగలాలి. ఇంకో మూలమట్టం, లేదా ఏదైనా చదును చెక్క ముక్క, మూతికి ఆనించి అంకె చదవండి. మధ్యలో రిబ్బు కాస్త గుంటగా ఉంటుంది కాబట్టి స్కేలును రిబ్బులోకి వంచకుండా గొట్టం పక్కన తిన్నగా పట్టుకోండి.

రెండు గొట్టాలూ విడివిడిగా, ఒక్కోటి మూడుసార్లు. అంగుళంలో పదహారో వంతు వరకు రాసుకోండి. సెంటీమీటర్లు కూడా అప్పుడే రాసుకోండి, తర్వాత అవే ముఖ్యమవుతాయి.

## 4. ఎక్కువమంది తప్పు చేసే చోటు

చాలా తుపాకుల్లో పై రిబ్బు వెనక అంచును దాటి కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. తుపాకి మూసినప్పుడు ఆ ముక్క ఒంటిలోని గాడిలో దిగి బిగుస్తుంది. కొన్నిటికి దాని కొన గుండ్రటి బొమ్మ తలలా ఉంటుంది. అది గొట్టం పొడవులో లెక్కకు రాదు.

మా పెదనాన్నగారి తుపాకి విషయంలో ఇదే జరిగింది. ఆయన పాత డైరీలో "గొట్టము 30 3/4" అని చక్కటి చేతిరాతతో ఉంది. నేను కొలిస్తే 30 వచ్చింది. ముప్పావు అంగుళం ఎవరో కోసేశారని ఇంట్లో రెండు రోజులు టెన్షన్. మూడో రోజు ఆ బొమ్మ తల మీద స్కేలు పెట్టి చూశాను: సరిగ్గా ముప్పావు అంగుళం. పెదనాన్నగారు టేపును దాని కొన నుంచి పట్టారన్నమాట. గొట్టం ఏ మచ్చా లేకుండా అసలు పొడవులోనే ఉంది.

మిగతా తప్పులు చిన్నవి:

- విరిచే కీలు దగ్గర నుంచి కొలవడం. రెండు మూడు అంగుళాలు తక్కువ వస్తుంది.
- ఛాంబర్‌ను వదిలేసి కొలవడం. ఛాంబర్ కూడా గొట్టంలో భాగమే.
- మూతి మీద గురి చూడ్డానికి ఉండే పూసను కొలతకు చివరగా తీసుకోవడం. పూస మూతికి కాస్త వెనక ఉంటుంది.

## 5. కర్ర పద్ధతి: పంపు తుపాకులకు, విడదీయలేని వాటికి

వించెస్టర్ 1897 లాంటి పంపు తుపాకిలో (చేతి చెక్కను ముందుకీ వెనక్కీ లాగి తూటా ఎక్కించేది) గొట్టం వెనక భాగం ఒంటిలోకి దూరి ఉంటుంది. బయటికి కనిపించేది కొలిస్తే తక్కువ వస్తుంది.

1. తుపాకి ఖాళీ అని మళ్లీ చూసుకుని మూసేయండి.
2. కర్రను మూతి నుంచి మెల్లగా దించండి. వెనక గోడకు తగిలి ఆగుతుంది.
3. మూతి అంచు దగ్గర కర్ర మీద పెన్సిలు గీత పెట్టండి.
4. బయటికి తీసి, కొన నుంచి గీత దాకా కొలవండి.

అమెరికాలో చట్టపరమైన కొలత కూడా ఇలాగే తీస్తారు. అక్కడ మామూలు షాట్‌గన్‌కు (రవ్వలు పేల్చే ఇలాంటి తుపాకికి) కనీసం 18 అంగుళాలు ఉండాలి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది పురాతన ఆయుధం లెక్కలోకి వస్తుంది. బ్రిటన్‌లో 1968 చట్టం ప్రకారం షాట్‌గన్ గొట్టం 24 అంగుళాలకు తగ్గకూడదు. అక్కడ ఉంటూ పాత తుపాకి కొనాలనుకునే మనవాళ్లు డబ్బు కట్టకముందే ఈ కొలత అడిగి తీసుకోవాలి.

## 6. మూతి నుంచి మందు కూరే తుపాకి: రెండు కొలతలు తప్పనిసరి

దీనికి వెనక తెరుచుకునే దారి లేదు. అందుకే బయటి పొడవు, లోపలి లోతు రెండూ కావాలి.

బయటి పొడవు మూతి నుంచి గొట్టం వెనక అతుకు వరకు. ఆ తర్వాత చెక్కలోకి మేకులా దిగే తోకను కలపకూడదు. లోపలి లోతుకు కర్ర దించి, పైన చెప్పినట్టే గీత పెట్టాలి. వెనక బిరడా మందం వల్ల లోపలి కొలత కొంత తక్కువ వస్తుంది. అంగుళం, అంగుళంన్నర తేడా మామూలే.

తేడా అంతకు మించితే ఆగండి. బయట 34 అంగుళాలు ఉండి కర్ర 30 దగ్గరే ఆగిపోయిందనుకోండి, లోపల ఏదో ఉంది. అది కందిరీగల గూడు కావచ్చు, పాత గుడ్డ కావచ్చు, ఎప్పుడో కూరి మరిచిపోయిన మందూ రవ్వలూ కావచ్చు. నల్లమందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. కర్రతో పొడవకండి, గీకకండి, వేడి తగలనివ్వకండి. మూతి ఎవరి వైపూ లేకుండా పక్కన పెట్టి, పోలీస్ స్టేషన్‌కు గానీ లైసెన్సు ఉన్న పనివాడికి గానీ ఫోన్ చేయండి.

ఖాళీ అని తేలాక ఇంకో చిన్న పరీక్ష ఉంది. గొట్టం కింద గాడిలో ఉండే మందు దట్టించే కడ్డీని పూర్తిగా లోపలికి తోయండి. దాని కొన మామూలుగా మూతికి సమానంగా గానీ కాస్త అటూ ఇటూగా గానీ ఉంటుంది. రెండు మూడు అంగుళాలు బయటికి వస్తే గొట్టం పొట్టి అయిందేమోనని చూడాలి. కడ్డీ తర్వాత మార్చింది కూడా కావచ్చు కాబట్టి ఇదొక్కటే సాక్ష్యం కాదు.

## 7. వచ్చిన అంకెను కాలంతో, దేశంతో పోల్చడం

పాత మందు నెమ్మదిగా కాలేది, అది పూర్తిగా కాలడానికి పొడవు గొట్టం కావాలి అనేవారు. 1787లో లండన్‌లో హెన్రీ నాక్ అనే తుపాకుల తయారీదారు కొత్త రకం బ్రీచ్‌కు (గొట్టంలో మందు అంటుకునే వెనక భాగం) పేటెంటు తీసుకున్నాడు. దానితో మందు త్వరగా అంటుకుని, పొట్టి గొట్టాల జోడు తుపాకులు నిలదొక్కుకున్నాయి. అందుకే తుపాకి వయసు తెలియకుండా పొడవు మీద తీర్పు చెప్పలేం.

ఇంగ్లండ్ తుపాకులకు నేను పక్కన పెట్టుకునే పట్టీ ఇది:

- 18వ శతాబ్దం తొలి భాగపు ఒంటి గొట్టం చకుముకి తుపాకి: 40 అంగుళాలకు పైనే, 48 కూడా ఉంటుంది
- 1800 నుంచి 1860ల దాకా మూతి నుంచి కూరే జోడు తుపాకి: 28 నుంచి 32
- 1860 నుంచి 1890 దాకా బయటికి హ్యామర్లున్నవి: ఎక్కువగా 30
- 1890 నుంచి 1914 దాకా: 28 నుంచి 30, మధ్యలో 29 కూడా మామూలే
- 1920ల నుంచి: 28, 26, అలాగే రాబర్ట్ చర్చిల్ ప్రచారంలోకి తెచ్చిన 25
- నీటి పక్షుల కోసం చేసిన పెద్ద బోర్లు: 8 బోరు 32 నుంచి 36, 4 బోరు 40 అంగుళాలు దాటవచ్చు

కాబట్టి 1905 నాటి లండన్ తుపాకికి 29 వస్తే కంగారు పడాల్సిన పని లేదు. 1875 నాటి హ్యామర్ తుపాకికి 25 వస్తే మాత్రం గట్టిగా చూడాలి. ఆ రోజుల్లో అంత పొట్టి గొట్టం అరుదు.

అమెరికా తుపాకులు 26, 28, 30, 32 వరసలో ఉంటాయి. పొట్టిదల్లా కోసింది కాదు. వించెస్టర్ 1897లో పోలీసులు, సైన్యం కోసం 20 అంగుళాల గొట్టంతో కంపెనీయే చేసింది.

బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీ తుపాకులను అంగుళాల్లో చూడకండి. మీకు 27 9/16 వచ్చిందా? అదేదో వింత అంకెలా కనిపిస్తుంది, సెంటీమీటర్లలో సరిగ్గా 70. 25 5/8 అంటే 65. 26 3/4 అంటే 68. ఆ కంపెనీలు గుండు అంకెల్లోనే చేశాయి, అంగుళాల్లోకి మార్చినప్పుడే మనకు తేడా కనిపిస్తుంది. నన్ను అడిగిన "కోసేసిన" తుపాకుల్లో చాలావాటి కథ ఇక్కడే ముగిసింది.

ఒక జాగ్రత్త. రిబ్బు మీద కలకత్తా మాంటన్, కలకత్తా రొడ్డా లాంటి పేర్లుంటే అది అమ్మిన దుకాణం పేరు కావచ్చు. తుపాకి బర్మింగ్‌హామ్‌లో తయారై ఇక్కడ పేరు చెక్కించుకున్నవి చాలా ఉన్నాయి. ఏ దేశపు పట్టీతో పోల్చాలో రిబ్బు మీది పేరు చూసి కాక, గొట్టం అడుగున ఉన్న ముద్రలు చూసి నిర్ణయించండి.

## 8. కోసిన గుర్తులు వెతకడం

ఇక్కడ తొందర వద్దు. పగటి వెలుతురులో, భూతద్దంతో, మూతి వైపు అరగంట కూర్చోండి.

రెండు గొట్టాల మధ్య సందు. జోడు గొట్టాలు వెనక దూరంగా మొదలై మూతి దగ్గరికి వచ్చేసరికి దగ్గరవుతాయి. అసలు మూతి దగ్గర అవి తాకుతూ గానీ వెంట్రుకవాసి తేడాతో గానీ ఉంటాయి. విజిటింగ్ కార్డు పెట్టి చూడండి. సులువుగా దూరిందంటే, పైగా ఆ సందులో టంకం గానీ చిన్న ఇనుప చీలిక గానీ నింపి ఉందంటే, అనుమానం బలపడుతుంది. టంకాన్ని గోటితో నొక్కితే కాస్త మెత్తగా ఉంటుంది, రంగు చుట్టూ ఉన్న ఉక్కుకంటే తెల్లగా, చల్లారిన సీసంలా కనిపిస్తుంది.

చోక్ ఉందా లేదా. చోక్ అంటే మూతి దగ్గర గొట్టం లోపలి భాగాన్ని కాస్త ఇరుకు చేయడం, ఎక్కువ ఇరుకైనది ఫుల్ చోక్. మూతి దగ్గర లోపలి వ్యాసం కాలిపర్‌తో కొలవండి. 12 బోరులో ఫుల్ చోక్ ఉంటే సుమారు 17.5 మిల్లీమీటర్లు రావాలి. చోక్ మూతికి చివరి రెండు మూడు అంగుళాల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ మేరకు కోస్తే మొత్తం పోతుంది. గొట్టం అడుగున చోక్ అనే ముద్ర ఉండి మూతి 18.5 చూపిస్తే, గొట్టం కోశారు లేదా చోక్‌ను లోపలినుంచి తొలిచేశారు. రెండోదే ఎక్కువగా జరిగేది, దాన్ని యజమానులే అడిగి చేయించుకునేవారు.

చోక్ వాడుకలోకి వచ్చింది 1870లలో. అంతకుముందు తుపాకికి చోక్ లేకపోవడం సహజం. 1875 నుంచి 1887 దాకా చోక్ ఉన్న ఇంగ్లీషు గొట్టాల మీద "నాట్ ఫర్ బాల్" (ఒంటి గుండుకు పనికిరాదు) అని ఇంగ్లీషులో ముద్ర వేసేవారు. ఆ ముద్ర కనిపిస్తే మూతి కొలత తప్పకుండా తీయండి.

పూస, రిబ్బు చివర. పూస రంధ్రం కొత్తగా, వంకరగా ఉందా? రిబ్బు మీది గీతల నగిషీ మూతి దగ్గర అందంగా ముగిసిందా, లేక మధ్యలో తెగినట్టు ఆగిపోయిందా? మూతి అంచు మీద ఆకురాయి గీతలున్నాయా? రెండు మూతులూ ఒకే మట్టంలో ఉన్నాయా?

బరువు. యూరప్ తుపాకులు కొన్నిటిలో గొట్టాల బరువును అడుగున కిలోల్లో చెక్కారు. కనిపిస్తే గొట్టాలను మాత్రమే తూకం వేయండి. కొద్ది గ్రాముల తేడా పాలిష్ వల్ల వస్తుంది. వంద గ్రాములు తగ్గితే పోయిన ఉక్కు ఎక్కడికి పోయిందో వెతకాలి.

స్లీవింగ్. పాడైన గొట్టాలను వెనక కొన్ని అంగుళాలు ఉంచి కోసి, కొత్త గొట్టాలు దూర్చి అతికే పని ఇది. ఛాంబర్ ముందు చుట్టూ సన్నటి అతుకు గీత, ఇంగ్లీషులో స్లీవ్డ్ అనే ముద్ర దాని గుర్తులు. అలాంటప్పుడు మీరు కొలిచింది తర్వాత వేసిన గొట్టం పొడవు.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. సందు, చోక్, పూస, బరువు, వీటిలో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి.

## 9. కోసిందని తేలితే, తేలకపోతే

కోసిందని తేలినా గొట్టాన్ని సరిచేయించే పని పెట్టుకోవద్దు. అతికించి పొడవు పెంచడం ప్రమాదం. ఇంకాస్త కోసి "గుండు అంకె చేద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం పొట్టి చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం నేరం. పైగా మూతి చీలి మరమ్మతు కోసం ఎప్పుడో కోసిన గొట్టం కూడా ఆ తుపాకి జీవితంలో భాగమే. ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టండి.

తేలకపోతే తయారీదారు రికార్డులే దిక్కు. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి కంపెనీలకు పాత ఖాతా పుస్తకాలున్నాయి. సీరియల్ నంబరును ఒంటి మీద, గొట్టాల అడుగున, చేతి చెక్క ఇనుము మీద మూడు చోట్లా చూడండి. మూడూ కలవకపోతే గొట్టాలు వేరే తుపాకివి కావచ్చు. అప్పుడు పొడవు గురించి వాదనే అనవసరం.

## 10. రాసి పెట్టాల్సిన పట్టిక

పెదనాన్నగారి తుపాకికి నేను రాసింది ఇలా ఉంది. మీరూ ఇదే వరసలో రాసుకోండి, కాగితాన్ని లైసెన్సు పుస్తకంతో పాటు భద్రపరచండి.

- రకం: 12 బోరు, జోడు గొట్టాలు, విరిచేది, బయట హ్యామర్లు
- కొలిచిన పద్ధతి: గొట్టాలు విడదీసి, వెనక అంచు నుంచి మూతికి
- కుడి గొట్టం: 30 అంగుళాలు, 76.2 సెంటీమీటర్లు
- ఎడమ గొట్టం: 30 అంగుళాలు, 76.2 సెంటీమీటర్లు
- రిబ్బు పొడుచుకొచ్చిన ముక్క: 3/4 అంగుళం, లెక్కలో కలపలేదు
- మూతి లోపలి వ్యాసం: కుడి 18.4, ఎడమ 17.6 మిల్లీమీటర్లు
- మూతుల మధ్య సందు: కార్డు దూరలేదు, టంకం నింపిన గుర్తు లేదు
- సీరియల్ నంబరు: మూడు చోట్లా ఒకటే
- ఫోటోలు: మూతి ఎదురుగా, అడుగు ముద్రలు, స్కేలు పక్కన పెట్టి మొత్తం గొట్టం
- అభిప్రాయం: అసలు పొడవు. పాత డైరీలోని 30 3/4 రిబ్బు ముక్కతో కలిపి కొలిచింది.

కింద తేదీ వేసి సంతకం పెట్టాను. డైరీలో పెదనాన్నగారు రాసిన పేజీని కొట్టివేయలేదు. ఈ కాగితం నకలు ఒకటి ఆ పేజీకి ఎదురుగా అంటించాను.